మోగని పూట

"…అది మోగితే నాకు ఇనవడదా? సందుల మేకపిల్ల అరిస్తె ఇనవడుతది గానీ, నా నెత్తి మీది గూట్లె డబ్బా మోగితె ఇనవడదా?"

"ఇనవడ్డది. ఇనే మూత తీసినవు. తీసి, గోలి మింగుడు మర్చిపోయినవు. మర్చిపోయిన అంటె నీదేం పోతదే?"

"మోగలే అంటున్న గద. ఎన్నిపార్లు చెప్పాలె నీకు?"

"డబ్బల రాసున్నది. మంగళారం ఏడు నలభైకి మూత తీసినవని రాసున్నది. సదివి చెప్పింది ఎవ్వరో గాదు, నీ బిడ్డనే."

ఆ చివరి మాటకు కరుణ గడప ఇవతలే ఆగిపోయింది. భుజానికి బ్యాగు, చేతిలో తాండూరు స్టేషన్ బయట కొన్న అరటిపళ్లు. వికారాబాద్‌లో రైలెక్కినప్పటి నుంచీ ఆమె మనసులో మెదులుతున్నది ఈ మాటే. బుధవారం నాయిన ఫోన్ చేసి, "మీ అవ్వ దొడ్డి కాడ పడిపోయింది, ఫిట్స్ వచ్చింది" అన్నప్పుడు ఆమె మొదట అడిగింది "దెబ్బ తగిలిందా" అని కాదు. ఆఫీసులో కూర్చుని, సెల్‌ఫోన్‌లో డబ్బా పంపిన వివరం తెరిచి చూసి, "నిన్న రాత్రి గోలి తీసుకున్నట్టే ఉంది గదా నాయినా" అన్నది. దెబ్బ సంగతి ఆ తర్వాత అడిగింది.

లోపలికి వెళ్లేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ మాట ఆపారు. తల్లి కాశమ్మ కుడి కనుబొమ్మ మీద రెండు కుట్లు ఉన్నాయి. చుట్టూ నీలంగా కమిలి ఉంది.

"వచ్చినవా బిడ్డా. కాళ్లు కడుక్కో" అన్నది ఆమె.

కరుణ పళ్లు పక్కన పెట్టి తల్లి గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. కాశమ్మ చిన్నపిల్లలా తిప్పనిచ్చింది. అదే కరుణకు కొత్తగా అనిపించింది. ఇంతకుముందయితే "ఏమైతది తియ్, గదేం పెద్ద దెబ్బ" అని చెయ్యి తోసేసేది.

ఆ ఊరు తాండూరు దాటి కర్ణాటక వైపు పోయే దారిలో ఉంటుంది. ఇళ్ల గోడలూ నేలలూ అన్నీ బండలే. తండ్రి హన్మయ్యకు ముప్పై దాకా గొర్లు, ఒక పాడి మేక, రెండెకరాల కంది చేను. మంద వెంట అతను పోతాడు. మందతో నడవలేని పసి గొర్రెపిల్లలను ఊరి వెనక గడ్డికి తోలుకపోవడం కాశమ్మ పని. పెళ్లయి వచ్చిన రెండో ఏటి నుంచీ అదే. పిల్లలకు ఆమె గొంతు తప్ప ఇంకొకరి గొంతు పట్టదని ఊళ్లో అంటారు.

కరుణ ఏడో తరగతిలో ఉండగా కాశమ్మకు మొదటిసారి ఫిట్స్ వచ్చింది. తాండూరు డాక్టరు రెండు పూటలా గోలి రాసిచ్చాడు. గోలి తప్పనంత కాలం రోగం కూడా తప్పుకునే ఉంది. నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. మొన్న బుధవారం దాకా.

బుధవారం నాడే హన్మయ్య ఒక నిర్ణయం చేశాడు. గడ్డి పక్కనే నీళ్లు నిండిన పాత బండల గని ఉంది. గోలి వేసుకున్నదీ లేనిదీ గుర్తుండని మనిషిని ఆ అంచుకు ఒంటరిగా పంపనన్నాడు. పిల్లలను తమ్ముడి భార్య బుగ్గమ్మకు అప్పజెప్పాడు. నాలుగు రోజులుగా బుగ్గమ్మ వాటిని తోలుకపోతుంటే, కాశమ్మ వాకిట్లో నిలబడి అవి మలుపు తిరిగేదాకా చూస్తున్నది.

"దానికి మతి తప్పుతున్నదేమో బిడ్డా" అన్నాడు హన్మయ్య, కాశమ్మ నీళ్లకు పోయినప్పుడు గొంతు తగ్గించి. "పట్నంల చూపియ్యాల్నా?"

కరుణ గూట్లోని డబ్బా వైపు చూసింది. ఆ డబ్బాను మార్కెట్లోకి రాకముందు పరీక్షించింది ఆమే.

*

కరుణ పని చేసేది వికారాబాద్‌లో ఒక మెడికల్ షాపు మీది అంతస్తులో. ఆరుగురు మనుషుల ఆఫీసు. యజమాని ప్రణయ్ తాండూరు వాడే, భూములున్న ఇంటి పిల్లవాడు. మరిచిపోయే పెద్దవాళ్ల కోసం గోలీల డబ్బా తయారుచేశాడు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, అందులో పొద్దటికో అర, రాత్రికో అర, ఒక్కోదానికి ఒక్కో మూత. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ మోగుతుంది. మూత తీస్తే ఆగుతుంది, తీసిన సమయం బిడ్డలకో కొడుకులకో ఫోన్‌లో చేరుతుంది. ఎవరైనా బయటికి పోయే తొందరలో మోగే సమయానికి గంటలోపు ముందే మూత తీస్తే, గోలి వేసుకున్నారనుకుని ఆ పూటకు మోగదు. కరెంటు పోతే లోపల బ్యాటరీ ఉంది.

అందులో తప్పులు వెతకడం కరుణ పని. "కరుణక్క చెయ్యి పెడితే మంచిది కూడా చెడిపోతది" అని ఆఫీసులో ఎగతాళి చేస్తారు. ఆమె పట్టించుకోదు. తేలిగ్గా దొరికే తప్పులు ఎవరికైనా దొరుకుతాయి. కరెంటు తీసి చూడు, మోగుతుంది. బ్యాటరీ తీసి చూడు, మోగుతుంది. సిమ్ తీసి చూడు, మోగుతుంది. ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ మంచివే. దొంగతప్పు అలా దొరకదు. రెండు మూడు సంగతులు ఒకేసారి కలిసిననాడే అది తల ఎత్తుతుంది. కానీ అన్నిటినీ అన్నిటితో కలిపి చూడాలంటే రెండువందల పైన పరీక్షలు అవుతాయి. అందుకని ఆమె పెద్ద కాగితం మీద గళ్ల పట్టీ గీసుకుంటుంది. ఏ రెండు సంగతులు తీసుకున్నా ఎక్కడో ఒకచోట కలవాలి. ఆ తర్వాత ఏ మూడు తీసుకున్నా కలవాలి. అలా కుదించి, డబ్బా కోసం ముప్పై ఆరు పరీక్షలు పెట్టుకుంది. ముప్పై ఆరూ నెగ్గాయి. అప్పుడే మొదటి డబ్బాల్లో ఒకటి తెచ్చి అవ్వకు ఇచ్చింది.

ఉద్యోగానికి వచ్చిన రోజు ప్రణయ్ ఆమెను అడిగాడు, ఈ వెతుకులాట ఎక్కడ నేర్చుకున్నావని. కోర్సు పేరు చెప్పింది గానీ, చెప్పనిది ఇంకొకటి ఉంది. మందలో రాత్రిళ్లు ఏదో గొర్రె దగ్గుతుంది, ఏదో తెలియదు. హన్మయ్య మందను సగానికి విడదీసి రెండు దొడ్లలోకి తోలేవాడు. దగ్గు వినవచ్చిన సగాన్ని మరునాడు మళ్లీ సగం చేసేవాడు. అయిదో రోజుకు గొర్రె దొరికేది. అంతవరకూ ఏ గొర్రెనూ అనుమానించేవాడు కాదు. అట్లాంటి మనిషి ఇప్పుడు ఒక్క ఫోన్ కబురు పట్టుకుని భార్యను అనుమానిస్తున్నాడు. ఆ కబురు అందించింది తనే.

సోమవారం తాండూరులో నూట ఇరవై డబ్బాలు పంచే కార్యక్రమం ఉంది.

*

ఆ శనివారం అన్నాలు తిన్నాక కరుణ తల్లి పక్కన బండ మీద కూర్చుంది.

"అవ్వా, మంగళారం పొద్దుగూకినంక ఏం చేసినవో చెప్పు."

"నువ్వు గూడ అడుగుతవా?"

"మర్చిపోయినవని అడుగుతలేను. మోగలే అన్నవు గద. మోగని పూట ఏమేమి అయినయో చెప్పు. చిన్నది గూడ ఇడువకు."

కాశమ్మ బిడ్డ మొహంలోకి కాసేపు చూసింది. నాలుగు రోజుల్లో ఆమెను "ఏమైంది" అని అడిగినవాళ్లు లేరు. "ఎట్ల మర్చిపోయినవ్" అని అడిగినవాళ్లే.

"ఏముంటది. మాపటీలి కరెంటు లేదు. పగటి సంది లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. గుడ్డి దీపం పెట్టుకోని మేకకు పాలు పిండుతున్న. గప్పుడే బగ్గుమని లైటొచ్చింది. మేక బెదిరి తన్నింది. చెంబు పోయి బండ మీద పడ్డది. పాలన్ని పాయె, చెంబు సొట్టపాయె. మీ నాయిన గింత పొడుగు తిట్టిండు."

"తిట్టిన" అన్నాడు హన్మయ్య మంచం మీంచి. "కొత్త చెంబు."

"లైటు ఎన్నిటికి వచ్చింది?"

"నాకేం తెలుసు బిడ్డా. పక్కింట్ల టీవీ మొదలైంది. సగం సీరియల్ పోయిందని ఆ పిల్ల ఒక్కటే లొల్లి."

కరుణ లేచి పక్కింటికి పోయి ఆ సీరియల్ ఎన్ని గంటలకు వస్తుందో అడిగి వచ్చింది. ఏడున్నరకు మొదలు. సగం అంటే ఏడూ నలభై, నలభై అయిదు.

డబ్బాలో రాసి ఉన్నది ఏడూ నలభై.

ఆమె మళ్లీ కూర్చుంది. "లైటు వచ్చేటప్పుడు నువ్వు మేక కాడ ఉన్నవు."

"ఉన్న."

"గూడు లోపల ఉన్నది."

"మరి ఉండదా?"

"ఇంతకుముందు ఎన్నడన్న మోగకుంట పోయిందా?"

"ఒకపారి. డబ్బా తెచ్చిన కొత్తల. గాలిదుమారం వచ్చి రేకులు లేసిపోయినయ్ సూడు, గా దినం. గప్పుడు నాకే యాదికొచ్చి ఏస్కున్న. గప్పటికింక అలవాటు పోలే. దీపం ముట్టిచ్చినంక గోలి ఏస్కునేది గద." కాశమ్మ కొంగుతో మోకాలు దులుపుకుంది. "ఎనక నువ్వే అంటివి, ఇంక నువ్వు యాది పెట్టుకునే పని లేదవ్వా, అదే చెప్తదని."

కరుణ తల దించుకుని ఫోన్‌లో గాలిదుమారం రోజును వెతికింది. ఆ రోజు కూడా మూత తీసినట్టు ఉంది. ఏడూ పదిహేనుకు ఒకసారి. తొమ్మిదికి మళ్లీ ఒకసారి. అప్పట్లో అది చూసి, అవ్వ రెండుసార్లు తెరిచిందేమోలే అనుకున్నట్టు గుర్తుంది.

పగటి నుంచీ కరెంటు లేదంటే, సాయంత్రానికి లోపలి బ్యాటరీ కూడా అయిపోయే ఉంటుంది. కరెంటు తిరిగి రావడం ఆమె పట్టీలో ఉంది. బ్యాటరీ అయిపోవడం ఉంది. రెండూ కలిసిన పరీక్ష కూడా ఉంది, నెగ్గింది. మరి పట్టీలో లేనిదేదో ఈ ఇంట్లో ఉండాలి.

*

అది ఆదివారం పొద్దున దొరికింది. ఎనిమిదికి డబ్బా మోగింది. కాశమ్మ పొద్దటి అర మూత తీసి, గోలి నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, పొయ్యి దగ్గరికి పోయింది.

మూత తెరిచే ఉంది.

"అవ్వా, మూత మూయలే."

"ఎందుకు మూసుడు? గోలి పోయింది గద."

"రోజు గిట్లనే ఇడిచిపెడుతవా?"

"మరి?" కాశమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మంద బయటికి పోయినంక దొడ్డి తడక మూస్తమా? మూసున్నదంటె లోపల ఉన్నట్టు. తెరిచున్నదంటె పోయినట్టు. వట్టి దొడ్డికి తడక మూస్తె ఇంట్లకు మంచిది గాదు, మా అత్త కొట్టేది. రాత్రి గోలీలు నింపేటప్పుడు మూస్త."

కరుణ గోడకు ఆనుకుంది. ఆఫీసులో ఆరుగురు, ముప్పై ఆరు పరీక్షలు. ప్రతిసారీ మూత తీశారు, ప్రతిసారీ మూశారు. మూత తీయడం, తీయకపోవడం, ఆమె పట్టీలో మూతకు ఈ రెండే స్థితులు. తెరిచి వదిలేయడం అన్న వరుసే లేదు. ఆ పట్టీ గీసింది తనే. గొర్ల దొడ్డి ఉన్న ఇంట్లో పుట్టి కూడా, దాన్ని గీసేటప్పుడు తను వికారాబాద్ ఆఫీసులోనే కూర్చుని ఉంది.

"అవ్వా, జర బలపం ఉన్నదా?"

నేల బండ మీద ఆమె ఎనిమిది గళ్లు గీసింది. మూత మూసి ఉండొచ్చు, తెరిచి ఉండొచ్చు. బ్యాటరీ ఉండొచ్చు, అయిపోయి ఉండొచ్చు. కరెంటు రాత్రి గోలి సమయానికి గంటలోపు రావొచ్చు, ఇంకా ముందే రావొచ్చు. మూడు సంగతులు, ఒక్కోదానికి రెండు స్థితులు, మొత్తం ఎనిమిది. డబ్బా గడియారాన్ని ఫోన్‌తో ముందుకు జరిపితే ఎనిమిది గంటల కోసం రాత్రిదాకా ఆగనక్కర్లేదు. చిన్న స్క్రూడ్రైవర్‌తో అడుగు రేకు విప్పితే బ్యాటరీ చేతికి వస్తుంది.

"నువ్వు ప్లగ్గు కాడ కూసో. తియ్యమంటె తియ్యి, పెట్టమంటె పెట్టు."

"నాకు కరెంటుకు భయం."

"నేను పెడుత" అన్నాడు హన్మయ్య. అప్పటిదాకా అతను గొర్లను తోలడానికి గొంగడి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"వద్దు నాయినా. అవ్వనే పెట్టాలె."

కాశమ్మ గోనెసంచి పరుచుకుని ప్లగ్గు దగ్గర కూర్చుంది. మొదటి గడి: మూత మూసి, బ్యాటరీ ఉండి, కరెంటు ముందే వచ్చింది. మోగింది. కరుణ గడిలో గీత పెట్టింది. రెండో గడికి కరెంటు వచ్చే సమయం ఒక్కటే మార్చింది. మోగింది. మూడు, నాలుగు మోగాయి. అయిదోది మూత తెరిచి, బ్యాటరీ ఉంచి. మోగింది. హన్మయ్య గొంగడి తీసి మంచం మీద వేశాడు. ఆరోది మోగింది. ఏడోది మూత తెరిచి, బ్యాటరీ తీసేసి, కరెంటు ముందే. మోగింది.

"అన్ని మోగుతనే ఉన్నయ్ గద" అన్నది కాశమ్మ. గొంతు చిన్నదయింది. తనను తానే అనుమానిస్తున్నట్టుంది. "నాకే ఇనవడకపాయెనేమో బిడ్డా. ఇడిచిపెట్టు."

"ఒక్కటున్నది. ప్లగ్గు తియ్."

ఆమె తీసింది. డబ్బా చీకటైంది. మూత నోరు తెరిచి ఉంది. కరుణ, డబ్బా లేవగానే అందుకునేలా, ఫోన్‌లో సమయాన్ని ఏడూ నలభైకి జరిపింది. "పెట్టు."

కాశమ్మ ప్లగ్గు పెట్టింది. డబ్బాలో పచ్చదీపం వెలిగింది. కరుణ ఫోన్ చిన్నగా గుర్రుమంది. ఎవరూ ముట్టుకోని డబ్బా నుంచి కబురు వచ్చింది: రాత్రి మూత ఏడూ నలభైకి తెరిచారు. ఆమె గడియారాన్ని ఎనిమిదికి ఒక నిమిషం ముందుకు తెచ్చింది. ముగ్గురూ డబ్బా వైపే చూశారు. బయట మేక ఒకసారి అరిచింది. ఎనిమిది అయింది. ఎనిమిదీ ఒకటి. ఎనిమిదీ రెండు.

"మోగలే" అన్నది కాశమ్మ మెల్లగా.

"ఇంకోపారి చెయ్" అన్నాడు హన్మయ్య.

మళ్లీ చేశారు. మోగలేదు. మూడోసారీ మోగలేదు. నాలుగోసారికి కరుణ అన్నీ అట్లాగే ఉంచి, "ఇప్పుడు మూత ఒక్కటే మూయవ్వా" అన్నది. కాశమ్మ కాసేపు తటపటాయించింది. వట్టి అర మూయడానికి ఆమె చెయ్యి రాలేదు. చివరికి లోపల ఒక కందిగింజ వేసి మూసింది. డబ్బా ఇల్లంతా వినబడేలా మోగింది.

హన్మయ్య బయటికి పోయాడు. గొర్ల దగ్గరికి కాదు. గోడ పక్కన బోర్లించిన చెంబు అందుకుని, రోలు దగ్గర కూర్చుని, లోపలి నుంచి కర్రతో సొట్టను కొట్టడం మొదలుపెట్టాడు.

*

కరుణ అరుగు మీదికి వచ్చి ప్రణయ్‌కి ఫోన్ చేసింది. మొత్తం చెప్పింది.

"ఆ ముక్క రాసింది నేనే" అన్నాడతను. "డబ్బా ఆరిపోయి మళ్ల లేసినప్పుడు, ఏ మూత అని చూడదు. ఏదో ఒకటి తెరిచుంటె చాలు, ఇప్పుడే తెరిచిన్రు అనుకుంటది."

"అవును సార్."

"మూత మూయాలె అని కాగితం అచ్చు వేయిస్తె? రేపటి కార్యక్రమానికి అందరిని పిలిచినం కరుణా."

"మూత మూస్తరని నేను అనుకున్న సార్. మా అవ్వ మూయదని నాకే తెల్వదు. నూట ఇరవై ఇండ్లల్ల ఎవరు ఏం చేస్తరో మనకెట్ల తెలుస్తది?"

"మా అమ్మ అట్ల ఇడిచిపెట్టదు. ఉండు, చూసి వస్త."

ఫోన్ పట్టుకునే అతను ఇంట్లోకి నడవడం వినబడింది. ఎవరో, బహుశా అతని తల్లి ఇంద్రమ్మ, "ఏందిరా, నా డబ్బా ఎందుకు ముట్టుకుంటున్నవ్" అనడం వినబడింది. తర్వాత అతను మళ్లీ వచ్చాడు.

"మూసే ఉన్నది" అన్నాడు. "లోపల లవంగాలు పోసుకున్నది. రోజుకు పదిసార్లు తీస్తదట, దగ్గు వచ్చినప్పుడల్ల."

కరుణకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. అతనే ముందు నవ్వాడు. ఆ వెంటనే నవ్వు ఆపేశాడు.

"ఏడున్నరకు లవంగం తీస్తె ఎనిమిదికి మోగదు గద."

"మోగదు సార్."

"ఎన్ని రోజులు కావాలె?"

"మీరు సరిచేసుడు రెండు రోజులైతదేమో. నాకు రెండు వారాలు కావాలె. పట్టీ మళ్ల గీయాలె. ఈసారి ఆఫీసుల గాదు. పది ఇండ్లకు పోయి, పెద్దోళ్లు డబ్బాతోటి ఏం చేస్తున్నరో కూసోని చూసినంకనే గీస్త."

"పిలిచినోళ్లకు నేను చెప్పుకుంట" అన్నాడు ప్రణయ్. "మీ అమ్మకు దెబ్బ ఎట్లున్నది?"

"రెండు కుట్లు పడ్డయి సార్" అన్నది కరుణ. ఆ మాట బుధవారం తను మొదట అడగలేదని గుర్తొచ్చింది.

లోపలికి వచ్చేసరికి కాశమ్మ నేల మీది గళ్ల ముందు కూర్చుని ఉంది. ఏడు గళ్లలో గీతలు, ఎనిమిదో గడి ఖాళీ. ఆమెకు చదువు రాదు. వేలితో ఒక్కొక్క గడినీ తాకుతూ పోయి, ఖాళీ గడి దగ్గర ఆపింది.

"గిదే గద."

"గదే. అవ్వా, నేను…" కరుణ పక్కన కూలబడింది. "నువ్వు మర్చిపోయినవనే అనుకున్న. బుధారం నాడు. ఫోన్ల చూసి."

"ఫోన్ల గట్లనే ఉండె గద" అన్నది కాశమ్మ. బిడ్డ తలను తన భుజం మీదికి లాక్కుంది. ఆమె కొంగుకు గొర్రెల వాసన లేదు. నాలుగు రోజులైంది గదా. "నేను గూడ అనుకున్న బిడ్డా. నిన్నటిదాక నేను గూడ అనుకున్న. రాత్రి పండుకోని లెక్కపెట్టుకుందు, ఇంక ఏమేం మర్చిపోయిన్నో అని. మా అవ్వ పేరు అనుకుందు, ఊర్ల పేర్లు అనుకుందు."

"ఇది సరయ్యేదాక నేను రోజు ఏడున్నరకు ఫోన్ చేస్త. దీపం ముట్టిచ్చినంక ఏస్కో, ఎనుకటి లెక్కనే."

"ఏస్కుంట."

బయట కర్ర చప్పుడు ఆగింది. హన్మయ్య చెంబు తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. సొట్ట పూర్తిగా పోలేదు, పల్లంగా ఒక నీడలా మిగిలింది. పెట్టి అక్కడే నిలబడ్డాడు. ఎవరి మొహమూ చూడకుండా గొంగడి కోసం మంచం మీద తడుముకున్నాడు.

సందులో గొర్రెపిల్లల అరుపులు వినబడ్డాయి. బుగ్గమ్మ వాటిని గడ్డికి తోలుకపోతున్నది. ఒకటి గుంపు వదిలి వీళ్ల వాకిట్లోకి వచ్చి, గడప దగ్గర నిలబడి లోపలికి చూసింది. బుగ్గమ్మ కేకకు మళ్లీ పరుగెత్తింది.

కాశమ్మ లేచి కొంగు దోపుకుంది. చెంబు అందుకుని, తిప్పి చూసి, పెనిమిటితో అన్నది:

"రేపటి సంది పిల్లలను నేనే తోలుకపోత. బుగ్గమ్మకు చెప్పిరా పో."